కొసరు పిచ్చుక

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. నాకు 29 ఏళ్ళు. మాది పల్నాడు వైపు. బీఎస్సీ, బీఈడీ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతున్నాను. పదకొండు వేలు ఇస్తారు. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి, అందులో ఒక్కటీ నాది కాలేదు. చెల్లికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ళ కిందట పెళ్ళి కూడా అయింది. నాకు వచ్చిన ఏడు సంబంధాలూ రంగు దగ్గరో కట్నం దగ్గరో ఆగిపోయాయి. చర్చిలో సాక్ష్యాలప్పుడు ఎవరికో ఉద్యోగం వచ్చిందంటారు, ఎవరికో వీసా వచ్చిందంటారు. నేనూ స్తోత్రం అంటాను. చెప్పుల దగ్గర చివరి వరుసలో కూర్చుని, ఆశీర్వాదం చెప్పకముందే లేచి వచ్చేస్తాను. లేకపోతే "ఏమైనా కుదిరిందా అమ్మా" అని అడుగుతారు. "క్రీస్తులో నువ్వు విలువైనదానివి" అని ఎన్నోసార్లు విన్నాను. నమ్ముతాను కూడా. కానీ లోపలికి దిగదు. "ప్రభువా, నేను పురుగులాంటిదాన్ని" అనే ప్రార్థన ఒక్కటే నిజంగా వస్తుంది. ఈసారి డీఎస్సీ వస్తే చాలు, తలెత్తుకుని తిరుగుతాను అనుకుంటాను. నేను లేకపోతే ఇంట్లో వాళ్ళకు టెన్షన్ తగ్గుతుందేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. మొన్న మా క్లాసులో అక్షరాలు రాని పిల్లాడొకడు బస్సు బోర్డు మీద "నరసరావుపేట" అని కూడబలుక్కుని చదివాడు. ఆ ఒక్క రోజు బాగుంది. నా విలువ ఎక్కడుందో చెప్పండి.

జవాబు:

అమ్మా,

నీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు జవాబు చెప్పాల్సిన మాటను నువ్వు దాదాపు చివర్లో పెట్టావు. "నేను లేకపోతే" అన్న మాట. కూరలో ఉప్పు కాస్త తగ్గిందన్నట్టు రాసి పక్క వాక్యంలోకి వెళ్ళిపోయావు. నేను అలా వెళ్ళిపోలేను. ఆ ఆలోచన రోజూ వస్తున్నా, నెలకోసారి వస్తున్నా ఇంట్లో ఒక్కరికైనా చెప్పు. అమ్మకు చెప్పలేకపోతే చెల్లికి చెప్పు. ఎవరికీ చెప్పలేని రాత్రి అయితే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వం నడుపుతున్నది, డబ్బులు అడగరు, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం కూడా ఉంటే పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్ళు. తోడు కావాలంటే చెల్లిని రమ్మను.

డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం లేనట్టేనా అని నీకు అనుమానం వస్తుందని నాకు తెలుసు. మొదటి రాజులు 19వ అధ్యాయం తీసి చూడు. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. ఆ ప్రార్థనలోనే ఇంకో మాట ఉంది: "నా పితరులకంటె నేను ఎక్కువవాడను కాను." అంత పెద్ద ప్రవక్త కూడా చావు అడుగుతూ తన్ను వేరేవాళ్ళతో పోల్చుకున్నాడు. దానికి దేవదూత వాక్యం చెప్పలేదు, విశ్వాసం తక్కువైందని మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్ళు పెట్టి, తినమన్నాడు. ఏలీయా తిని పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత, నలభై రోజుల ప్రయాణం అయ్యాక. నీకు ఆ రొట్టె మాత్ర రూపంలో వస్తే తప్పేమీ లేదు.

ఇక పురుగు సంగతి.

మన ప్రార్థనల్లో ఈ మాట ఎక్కువ. అయోగ్యురాలిని, పనికిరానిదాన్ని, పురుగులాంటిదాన్ని. ఉపవాస ప్రార్థనల్లో ఎవరు ఎంత గట్టిగా అలా అంటే వాళ్ళకు అంత భక్తి ఉన్నట్టు. నేనూ ఏళ్ళ తరబడి అన్నాను. తగ్గింపు వేరు, తన్ను తాను తీసిపారేసుకోవడం వేరు అని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. "నేను నరుడను కాను నేను పురుగును" అన్నది 22వ కీర్తనలోదే. కానీ అక్కడ ఆ మాట వెనకాల ఎగతాళి చేసే మనుషులున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు పెదవులు విరిచి, తలలు ఆడిస్తుంటే వాళ్ళు చూసే చూపుతో తన్ను తాను చూసుకుని అన్న మాట అది. అదే కీర్తనలో మూడు వచనాలు దాటగానే "గర్భమునుండి నన్ను తీసినవాడవు నీవే గదా" అంటాడు. అంటే మంత్రసాని చేతుల్లాంటి చేతులు. నువ్వు ఆరో వచనం దగ్గర ఆగిపోయి రోజూ దాన్నే చదువుతున్నావు. యెషయా గ్రంథంలో దేవుడు కూడా ఒకసారి "పురుగువంటి యాకోబూ" అని పిలుస్తాడు. అయితే ఎందుకు పిలిచాడు? భయపడవద్దు, నేను సాయం చేస్తాను అని చెప్పడానికి. నువ్వు నీ ప్రార్థనలో పురుగును ఉంచుకుని ఆ రెండో సగాన్ని వదిలేశావు.

నీ విలువ ఎక్కడుందని అడిగావు. దీనికి నాకు తెలిసిన మంచి జవాబు కూరగాయల బండి దగ్గర ఉంది.

మా వీధిలో బండి మీద కూరలమ్మే ఆమె వంకాయలు, బెండకాయలు తూచి, సంచిలో పోసి, చివర్లో నాలుగు రెబ్బల కరివేపాకు పడేస్తుంది. దానికి ధర లేదు. కొసరు. నేను ఇంటికొచ్చి లెక్క చూసుకున్నప్పుడు వంకాయలు ఎంత, బెండకాయలు ఎంత అని చూస్తాను గాని కరివేపాకు ఎంత అని ఎప్పుడూ చూడలేదు.

మత్తయి సువార్త 10వ అధ్యాయంలో రెండు పిచ్చుకలు ఒక కాసుకు అమ్ముతారని యేసు అంటాడు. ఆ కాసు రాగి నాణెం. అలాంటివి పదహారు అయితే ఒక దేనారం, అంటే కూలివాడి ఒక రోజు కూలి. ఇవాళ కూలి అయిదు వందలనుకుంటే జత పిచ్చుకలు ముప్పై రూపాయల పైచిలుకు. పేదవాళ్ళ మాంసం అది. ఇప్పుడు లూకా 12వ అధ్యాయం చూడు. అక్కడ "అయిదు పిచ్చుకలు రెండు కాసులకు" అని ఉంటుంది. లెక్కల టీచరుగా చూస్తే తప్పు పట్టాలి. కాసుకు రెండైతే రెండు కాసులకు నాలుగే రావాలి. అయిదోది ఎక్కడిది? రెండు కాసుల బేరం చేసినందుకు అమ్మేవాడు పడేసిన కొసరు. దానికి ధరే లేదు. ఇద్దరు సువార్తికుల లెక్కల మధ్య ఆ ఒక్క పిట్ట మిగిలిపోయింది. సరిగ్గా అక్కడే యేసు "వాటిలో ఒకటైనను దేవునియెదుట మరువబడదు" అంటాడు. ఒకటైనను అన్నప్పుడు నాకు ఆ అయిదోదే కనిపిస్తుంది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, బోధకులు చెబుతూనే ఉంటారు. కాకపోతే చాలామంది ఆ వెంటనే "కాబట్టి నువ్వు పిచ్చుక కంటే శ్రేష్ఠురాలివి, దేవుడు నీకు పెద్ద ఉద్యోగం దాచి ఉంచాడు" అనేస్తారు. అక్కడ నేను ఒప్పుకోను. ఆ వచనంలో పిచ్చుకకు ధర పెరిగిందని లేదు. సంతలో అది కొసరుగానే ఉండిపోయింది. మారింది సంత కాదు, దాన్ని చూస్తున్న కన్ను సంతలోది కాదు, అంతే. నీ జీతం పదకొండు వేలు. పెళ్ళి సంతలో నీ రంగుకి వాళ్ళు వేరే రేటు కట్టారు. ఆ రెండూ రేపటికి మారిపోతాయని నేను మాట ఇవ్వలేను. అవి మారకముందే నిన్ను ఎవరో లెక్కలో పెట్టుకున్నారన్నది మాత్రం చెప్పగలను.

"నమ్ముతాను, లోపలికి దిగదు" అని రాశావు చూడు, దానికి కారణం ఒకటి నాకు కనిపిస్తోంది. నువ్వు దేవుణ్ణి కూడా సెలక్షన్ లిస్టు పెట్టే ఆఫీసులా చూస్తున్నావు. చెల్లికి వచ్చింది, నాకు రాలేదు, కాబట్టి అక్కడ కూడా నా మార్కులు తక్కువే అనుకుంటున్నావు. నీ తప్పు కూడా కాదు. మన సాక్ష్యాలు అలా తయారయ్యాయి. వీసా వచ్చినవాడు లేచి నిలబడతాడు, రానివాడు కూర్చునే ఉంటాడు. "వీసా రాలేదు, అయినా ఈ వారం ప్రభువు నన్ను నిలబెట్టాడు" అని ఎవరైనా చెబితే మైకు ఇచ్చినవాళ్ళు కాస్త ఇబ్బందిగా చూస్తారు. నేను మా సంఘంలో ఒకసారి ఆ పని చేశాను. చప్పట్లు రాలేదు గాని బయట చెప్పులు వేసుకుంటుంటే ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి చేతులు పట్టుకున్నారు.

ఆదికాండం 29వ అధ్యాయంలోని లేయా కథ నీకు తెలిసిందే. అయినా ఈసారి నీ కళ్ళతో చదువు. "లేయా జబ్బు కండ్లు గలది" అని, ఆమె చెల్లి రాహేలు రూపవతి అని బైబిలే మొహమాటం లేకుండా రాసింది. పెద్దదానికంటే ముందు చిన్నదాన్ని ఇవ్వడం మా దేశమర్యాద కాదన్నాడు వాళ్ళ తండ్రి లాబాను. మన పల్నాడులో అన్నట్టే ఉంటుంది ఆ మాట. అలా యాకోబుకు మోసంతో అంటగట్టిన పిల్ల. మొగుడికి చెల్లి మీద ప్రేమ. కొడుకు పుడితే ఇక నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడు అనుకుంది. రూబేను పుట్టాడు, ప్రేమ రాలేదు. రెండోవాడు షిమ్యోను. మూడోవాడు లేవి పుట్టినప్పుడు ఈసారైనా నాతో హత్తుకుని ఉంటాడు అంది. ఈసారి అన్న మాట దగ్గర నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. నువ్వూ అదే మాట రాశావు. నాలుగోవాడు యూదా పుట్టినప్పుడు కూడా లేయా ఈసారి అనే అంటుంది, కానీ వాక్యం మారిపోయింది. "ఈసారి యెహోవాను స్తుతించెదను." అందులో పెనిమిటి ఊసు లేదు.

యూదా వంశంలో దావీదు, ఆ వంశంలోనే యేసు పుట్టాడు కదా అని ఇక్కడ ఓదార్పు చెప్పడం మామూలు. నేను చెప్పను. ఆ సంగతి లేయాకు తెలియదు, తెలియకుండానే పోయింది. ఎప్పుడో వందల ఏళ్ళకు వచ్చే ఘనత ఇవాళ రాత్రి పడుకునే మనిషికి ఏం పనికొస్తుంది? నాకు ఆ కథలో నచ్చేది ఇంకొకటి. తర్వాతి అధ్యాయం తిప్పు. లేయా మళ్ళీ జారిపోయింది. దాసీని అడ్డం పెట్టి చెల్లితో పోటీ పడింది, పండ్లిచ్చి మొగుణ్ణి ఒక రాత్రికి అడుక్కుంది. ఆరో కొడుకు పుట్టాక కూడా ఇప్పుడైనా నాతో కాపురం చేస్తాడు అంటుంది. అంటే ఆ స్తుతి ఒక్కసారి వచ్చి స్థిరపడిపోలేదు. వచ్చింది, పోయింది. నీకూ అలాగే ఉంటుంది. ఒక ఆదివారం తేలికగా ఉండి బుధవారానికి మళ్ళీ పురుగు దగ్గరికి వెళ్తావు. వెళ్తే నీ విశ్వాసం అబద్ధమైపోదు.

నువ్వు పల్నాడు పిల్లవి కాబట్టి పక్క జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు, మాదిగ. ఆ తర్వాత మాదిగలు ఇంకా రాసాగారు. అప్పుడు పై కులాలవాళ్ళు, వాళ్ళను చేర్చుకుంటే మేము రాము అని తెగేసి చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందట, మొదటి కొరింథీయులు 1వ అధ్యాయం. నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడు అన్న చోటు. క్లౌ స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది. తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూటికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ పని అయ్యాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఈ అంకెను మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. నేను మాత్రం ఆ 2,222లో ఒక్కో పేరు పుస్తకంలో రాసి ఉంటారు కదా అని ఆలోచిస్తాను. మా నాయనమ్మ ఆ తరం కాదు, చాలా తర్వాత. కానీ ఆమె చిన్నప్పుడు కూడా ఊళ్ళోకి వెళ్తే పేరుతో పిలిచేవాళ్ళు లేరు. "ఒసేయ్" అన్నదే పిలుపు. కాఫీ హోటల్లో గ్లాసు వేరు, అది చూరులో గుచ్చి ఉండేది. ఆమెకు సంఘం రిజిస్టరు అంటే ప్రాణం. అందులో ఆమె పేరు, పేరు చివర "అమ్మ", తండ్రి పేరు, తేదీ, నల్ల సిరాతో. చదువు రాదు. క్రిస్మస్‌కు ముందు పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్ళి ఆ పేజీ తీయించి, నా వేలు పట్టుకుని ఆ వరుస మీద పెట్టి "చదువు" అనేది. నేను చదివితే ఇంకోసారి అనేది. ఊరు మారలేదు, గ్లాసు చూరులోనే ఉంది. ఆమె మాత్రం ఇంటికి వచ్చేటప్పుడు కొంగు సర్దుకుని నడిచేది.

దాని అర్థం సంఘంలో అంతా బాగుందని కాదు. ఆ గ్లాసు పోయినా సంబంధాలు చూసేటప్పుడు మన క్రైస్తవ ఇళ్ళల్లోనే ముందు కులం, తర్వాత రంగు, ఆ తర్వాత కట్నం అడుగుతున్నాం. ప్రార్థన చేసి పెళ్ళిచూపులు మొదలుపెట్టి, స్తోత్రం చెప్పి పిల్ల నల్లగా ఉందంటున్నాం. నిన్ను వద్దన్న ఏడుగురిలో ఎంతమంది దశమభాగం ఇచ్చేవాళ్ళో! వాళ్ళ మాటను దేవుడి మాట అనుకోకు. వాళ్ళు ఆయన తరఫున రాలేదు.

ఇప్పుడు చేయాల్సినవి. డీఎస్సీ మళ్ళీ పడితే రాయి, గట్టిగా చదువు. అది ఉద్యోగానికి పరీక్ష. నువ్వు మనిషివా కాదా అని చెప్పడానికి పెట్టింది కాదు. చెల్లితో ఒకసారి తీరిగ్గా మాట్లాడు. నీ ఉత్తరంలో ఆ పిల్ల ఉద్యోగం ఉంది, పెళ్ళి ఉంది, ఆ పిల్ల లేదు. ఆమెకూ హైదరాబాద్‌లో రాత్రిళ్ళు ఏవో ఉంటాయి. మీ పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్ళి, స్త్రీల సమాజంలో నా పెళ్ళి కోసం పేరు పెట్టి ప్రార్థన చేయించవద్దు అని మర్యాదగా చెప్పు. చెయ్యాలనుకుంటే ఇంట్లో చేసుకోమను. పాస్టరు గారి భార్య మంచి మనిషైతే నొచ్చుకోదు, నొచ్చుకుంటే రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఇంకా, పడుకునే ముందు పురుగు ప్రార్థన వస్తే రానివ్వు, ఆపొద్దు. దాని తర్వాత 139వ కీర్తనలో ఒక్క వచనం, పద్నాలుగోది, బయటికి వినిపించేలా చదువు. "నీవు నన్ను కలుగజేసిన విధము చూడగా భయమును ఆశ్చర్యమును నాకు పుట్టుచున్నవి" అని. అనిపించకపోయినా చదువు. మా నాయనమ్మకు కూడా ప్రతిసారీ అనిపించిందని కాదు, అయినా చదివించుకునేది.

ఆదివారం చివరి వరుసలోనే కూర్చో, దానికేం. ఆశీర్వాదం దాకా మాత్రం ఉండు. సంఖ్యాకాండం 6లో ఆ దీవెన ఎలా చెప్పమన్నాడో చూడు, "నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అని. ప్రజలందరికీ చెప్పే దీవెన, మాట మాత్రం ఒక్కరితో అన్నట్టు "నిన్ను" అనే ఉంటుంది. వీసా వచ్చినవాళ్ళకు ఒకటి, రానివాళ్ళకు ఒకటి అని రెండు దీవెనలు లేవు. నువ్వు ఇన్నాళ్ళూ దానికి ఒక నిమిషం ముందు చెప్పులు వేసుకుని వచ్చేస్తున్నావు. బయట "ఏమైనా కుదిరిందా" అని అడిగితే "లేదండీ, మీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి" అను. అడిగేవాళ్ళలో సగం మందికి ఎవరైనా తమను అడిగితే బాగుండునని ఉంటుంది.

అన్నట్టు ఆ బస్సు బోర్డు. నీ ఉత్తరంలో అక్కడ ఒక్కచోటే కలం తేలిగ్గా నడిచింది. అది చూపించి "చూశావా, నువ్వు ఎంత గొప్ప టీచరువో" అని నీ విలువ నిరూపించబోవడం లేదు. అలా చేస్తే రేపు ఇంకో పిల్లాడికి చదువు రాకపోతే మళ్ళీ మొదటికి వస్తావు. ఆ పిల్లాణ్ణి చూసినంతసేపు నువ్వు నిన్ను తూచుకోవడం మర్చిపోయావు, అందుకే నాకు నచ్చింది. వాడి పేరు నాకు అక్కర్లేదు. నరసరావుపేట తర్వాత ఏ ఊరి బోర్డు చదివాడో ఈసారి ఉత్తరంలో రాయి. సత్తెనపల్లిలో ఒత్తులున్నాయి, అక్కడ కాస్త తడబడతాడు.